తుపాకీ తిప్పలు తీర్చిన అన్నకు థాంక్స్

నా టూడీ షూటర్‌లో తుపాకీ ఇప్పుడు మౌస్ ఎటుంటే అటే గురిపెడుతోంది. ఇందుకు కారణమైన అన్న పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. కానీ ఆయన చెప్పింది నా ఒక్కడి దగ్గరే ఉండిపోవడం బాగోదు.

సమస్య ఇది. యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) క్యారెక్టర్ ఎడమకి తిరగాలంటే చాలా ట్యుటోరియల్స్ చెప్పే దారి ఒకటే: మొత్తం ఆబ్జెక్ట్‌కి స్కేల్ ఎక్స్ మైనస్ 1 పెట్టేయడం, అంటే అడ్డంగా అద్దంలో బొమ్మలా తిప్పేయడం. చెయ్యి తిరగకుండా ఉన్నంతవరకు దాంతో ఇబ్బందేమీ లేదు. చేతికి అటాన్2 (మౌస్ ఏ దిక్కున ఉందో కోణంగా చెప్పే ఫంక్షన్) కోణం ఇచ్చిన దగ్గర్నుంచే తిప్పలు మొదలు. మౌస్ ఎడమవైపు పైకి పెడితే తుపాకీ కుడివైపు పైకి లేస్తోంది.

అన్న కోడ్ అడగలేదు. గేమ్ పాజ్ చేసి, ఇన్‌స్పెక్టర్‌లో (ఆబ్జెక్ట్ విలువలు చూపించే ప్యానెల్) చేతి రొటేషన్ ఎంతుందో చదవమన్నారు. 135 ఉంది. అంటే లెక్క కరెక్టే. కానీ పేరెంట్, అంటే చెయ్యి దేని కింద ఉందో ఆ మొత్తం ఆబ్జెక్ట్, స్కేల్ మైనస్‌లో ఉంది కాబట్టి ఆ 135ని అద్దంలో చూపించినట్టు తిప్పేసి 45గా చూపిస్తోంది. ఎడమకి తిరిగినప్పుడు కోణాన్ని 180లోంచి తీసేస్తే తుపాకీ సర్దుకుంటుంది, నిజమే. కానీ తల మీది పేరు మాత్రం తిరగబడే ఉంటుంది. ఇలా ఒక్కోదానికీ అతుకు వేసుకుంటూ పోవాలి. అందుకే అసలు పేరెంట్‌నే ముట్టుకోవద్దన్నారు.

ఇప్పుడు వరసలో అన్నిటికీ పైన ఖాళీ ఆబ్జెక్ట్ పేరెంట్‌గా ఉంది, కొలైడర్ (ఢీకొనడం పట్టుకునే భాగం) దానికే. అది ఎప్పుడూ తిరగబడదు. దాని కింద శరీరం, భుజం వేర్వేరుగా ఉన్నాయి. శరీరానికి స్ప్రైట్ రెండరర్‌లో (బొమ్మని గీసే భాగం) ఫ్లిప్ ఎక్స్ చాలు, అది బొమ్మని మాత్రమే తిప్పుతుంది. భుజానికి కోణం ఇస్తాం. మౌస్ ఎడమవైపుకి వెళ్తే కోణం 90 దాటి తుపాకీ తలకిందులవుతుంది కదా, అప్పుడు భుజం స్కేల్ వై మైనస్ 1. తుపాకీ స్ప్రైట్‌కి ఫ్లిప్ వై పెడితే సరిపోదా అని అడిగా. బొమ్మ తిరుగుతుంది కానీ ఫైర్ పాయింట్ (బుల్లెట్ పుట్టే చోటు) ఉన్నచోటే ఉంటుంది, బుల్లెట్ గొట్టం కిందనుంచి వస్తుంది అన్నారు. పెట్టి చూశా, అచ్చం అలాగే వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది వణుకు సంగతి. మౌస్ పాయింటర్ క్యారెక్టర్ తల పైకి రాగానే, ఆ క్యారెక్టర్ ఫ్రేమ్‌కోసారి ఎడమ, కుడి, ఎడమ, కుడి. భుజం శరీరానికి సరిగ్గా మధ్యలో లేదు, కాస్త పక్కకుంది. తిరిగినప్పుడల్లా అది కూడా ఇటునుంచి అటు మారాలి. మౌస్ ఏ వైపుందో భుజంతో పోల్చి చూస్తే ఏమవుతుంది? మౌస్ భుజానికి ఎడమన ఉంది, తిరుగు. తిరగ్గానే భుజం అవతలికి జరిగింది, ఇప్పుడు మౌస్ కుడిన ఉంది, మళ్లీ తిరుగు. దానికి అంతు ఉండదు. పోలిక శరీరం మధ్య గీతతో పెట్టి, రెండు వైపులా 0.1 యూనిట్ వదిలేసి, ఆ సందులో ఉన్నంతసేపు పాత దిక్కే ఉంచమన్నారు. వణుకు ఆగిపోయింది. నేనైతే యానిమేటర్‌ని (యానిమేషన్లు నడిపే భాగం) అనుమానించేవాణ్ని. యానిమేటర్ గొడవ వేరే ఉందిలెండి: చేతి రొటేషన్ యానిమేషన్‌లో ఉంటే అప్‌డేట్‌లో మనమిచ్చిన కోణాన్ని అది తుడిచేస్తుంది. గురి కోడ్ లేట్ అప్‌డేట్‌లో, అంటే ప్రతి ఫ్రేమ్‌లో యానిమేషన్ అయ్యాక నడిచే చోట, రాస్తే సరి.

బుల్లెట్ దిక్కు కూడా గొట్టం చివరినుంచి మౌస్‌కి కాకుండా భుజంనుంచి మౌస్‌కి లెక్కపెట్టమన్నారు. లేదంటే మౌస్ గొట్టానికీ భుజానికీ మధ్యలో ఉన్నప్పుడు బుల్లెట్ వెనక్కొచ్చి మన మీదుగానే పోతుంది. చూడ్డానికి భలే కామెడీగా ఉంటుంది గానీ, ఆడేవాడికి కాదు.

ఇక కంట్రోలర్ సపోర్ట్ పెట్టాలి. స్టిక్ వదిలేస్తే రెండు విలువలూ సున్నా, అటాన్2 కూడా సున్నా ఇస్తుంది, తుపాకీ ఠక్కున కుడికి తిరిగిపోతుంది, పాత కోణం దాచుకో అని అన్న ముందే చెప్పి ఉంచారు. అంత ఓపిగ్గా కూర్చుని చెప్పినందుకు చాలా చాలా థాంక్స్ అన్నా. డెమో రెడీ కాగానే మొదటి కాపీ మీకే.