ఆ బొమ్మలోవి యంత్రాలు కావు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చిత్రకారుడు కజిమిర్ మలేవిచ్ గీసిన రై (గోధుమ లాంటి ధాన్యం) పంట కోత బొమ్మ చూసి చాలా సంతోషించాను. కానీ దాని కింద 'సమష్టి వ్యవసాయం కూలీలను యంత్రాలుగా మార్చిన తీరు' అని రాశారు. అది పొరపాటు. ఈ బొమ్మ 1912 నాటిది. అప్పటికి రష్యాలో ఇంకా జార్ పాలనే. రైతుల భూములు కలిపేసి ఉమ్మడిగా సాగు చేయించే సమష్టి వ్యవసాయాన్ని సోవియట్ ప్రభుత్వం వాళ్ల మీద బలవంతంగా రుద్దడం 1929లో మొదలైంది.

తేదీ సంగతి అలా ఉంచితే, 'యంత్రాలు' అన్న మాట నా మనసుకు కష్టంగా అనిపించింది. పెళ్లయ్యేదాకా మా అమ్మతో కోతలకు వెళ్లినదాన్ని. చెమటకు తడిసి, దుమ్ము పట్టి, ఒంటి మీదే ఎండిన బట్ట రేకులా బిగుసుకుపోతుంది. ఎన్నిసార్లు వంగినా పాత మడత దగ్గరే మడత పడుతుంది, మెడ దగ్గర గీరుకుపోతుంది. మలేవిచ్ గొట్టాల్లా, మెరిసే రేకుల్లా వేసిన ఆ బట్టలు చూడగానే నా మెడ మీదికి చెయ్యి వెళ్లింది. కట్ట కట్టడానికి వంగిన మనిషినీ, ఆ కట్టనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ అదే గుండ్రదనం. మధ్యాహ్నానికి మా చేలోనూ అంతే, దూరం నుంచి చూస్తే ఏది కట్టో, ఏది అమ్మ వీపో తెలిసేది కాదు. నాకు ఆ బొమ్మలో మనిషి పంటలో కలిసిపోవడమే కనిపించింది.

మీ వ్యాఖ్యకు సరిపోయే బొమ్మలు ఆయనవే వేరే ఉన్నాయి. 1928 తర్వాత గీసిన పల్లె జనం బొమ్మలవి. వెనక పొలం అడ్డంగా రంగుల పట్టీలుగా ఉంటుంది, ముందు మనుషులు నిటారుగా నిలబడి ఉంటారు. చాలావాటిలో ముఖాలకు కళ్లుండవు, నోరుండదు. కొన్నింట్లో చేతిలో పనిముట్టు కూడా లేదు. వాటిని పుస్తకంలో చూసిన రోజు నాకు భయం వేసింది, నేల పోగొట్టుకున్న వాళ్లలా అనిపించారు. అయితే ఆ కాలపు బొమ్మలు కొన్నింటి మీద ఆయనే పాత తేదీలు వేశాడు కాబట్టి అక్కడ కూడా చూసి రాయాలి.

దయచేసి సవరణ వేయండి. ఇంకో మాట. ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో ఉన్న అసలు బొమ్మ అడ్డం, నిలువు దాదాపు సమానం. మీరు స్థలం కోసం కత్తిరించడంతో అంచుల్లోని వాళ్లు సగానికి తెగిపోయారు. ఈసారి బొమ్మ మొత్తం వేయండి.

— ఒక పాఠకురాలు