మహిళా సంఘం వార్షిక నివేదిక: కాపర్-టీ భద్రతపై జరిపిన సమావేశాలు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ భాగం, గర్భం రాకుండా గర్భసంచిలో వేసే కాపర్-టీ చుట్టూనే సాగినందున, ఈ నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు కాగా, కాపర్-టీ వాడేవారు ఒక్క శాతం కూడా లేరు.

స్టాఫ్ నర్సు ఒకరు ప్యాకెట్ విప్పి చేతికిచ్చినప్పుడు "ఇంతేనా?" అన్నవారే అందరూ. నిలువు 36, అడ్డం 32 మిల్లీమీటర్లున్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క, దానికి చుట్టిన రాగి, చివర రెండు సన్నని దారాలు. 1965లో దీనికి ముందటి రకమైన లూప్ వచ్చిన నాటి తరం ఇప్పటికీ దీన్ని లూప్ అనే పిలుస్తుంది. అది గుండెకు పాకుతుందని, తీయించుకున్నా పిల్లలు పుట్టరని చెప్పుకునే మాటల్లో నిజం లేదు. రాగి వీర్యకణాలను పనిచేయనివ్వదు. 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తాయి.

అయితే భయం పోగొట్టే పేరుతో ఇబ్బందులను దాచకూడదని కార్యవర్గం భావించింది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో రక్తస్రావం, నొప్పి పెరగవచ్చు కనుక రక్తహీనత ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. వేసేటప్పుడు గర్భసంచికి రంధ్రం పడటం వెయ్యికి ఒకరిలో జరిగేంత అరుదు. ఇన్ఫెక్షన్ ముప్పు మొదటి మూడు వారాల్లోనే ఎక్కువ. కాపర్-టీ ఉండగా నెల తప్పితే, అది ట్యూబులో నిలిచిన గర్భం కావచ్చు కనుక ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించుకోవాలి. సుఖవ్యాధులను ఇది ఆపదు.

కాన్పయిన 48 గంటల్లోపు కూడా దీన్ని వేస్తారు, కానీ అలా వేసినది జారిపోయే అవకాశం ఎక్కువ. మన సభ్యురాలొకరికి ఒక ఆసుపత్రిలో కాన్పు సమయంలో అడగకుండానే వేశారు. కొన్ని నెలల తర్వాత కడుపునొప్పితో వేరొక డాక్టరు దగ్గరికి వెళితే గానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు. డిశ్చార్జి కార్డులో ఒక్క ముక్క రాయలేదు. అనుమతి లేకుండా చేసినప్పుడు ఎంత మంచి సాధనమైనా అన్యాయమేనని పేర్కొంటూ ఆ ఆసుపత్రికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాం. సమాధానం ఇంకా రాలేదు. ఈలోగా, కొత్తగా వేయించుకున్నవారికి ఆరో వారం పరీక్షకు తోడు వెళ్లే బాధ్యతను ఇద్దరు సభ్యులు తీసుకున్నారు.