వంటతో పాటు భోజనమూ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మధ్యాహ్నం పూట టీవీలో వచ్చే వంటల కబుర్ల కార్యక్రమాల్లో వంట ఉంటోంది, కబుర్లు ఉంటున్నాయి, భోజనమే ఉండటం లేదు. అతిథి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, నమలకముందే 'అద్భుతం' అనేస్తారు. వెంటనే ప్రకటనలు. కలిసి కూర్చుని తినేటప్పుడే కదా మాటలు నిజంగా సాగేది! చేతులు పనిలో ఉన్నప్పుడు మనిషి తడుముకోకుండా మాట్లాడతాడు; ప్రశ్నల చిట్టాతో ఎదురుగా కూర్చోబెడితే ఆ సహజత్వం రాదు.

అమెరికాలో ఏబీసీ ఛానెల్ 1970 నుంచి నడిచిన ఒక సీరియల్‌ను 2011లో ఆపేసి, ఆ వేళకు 'ద చ్యూ' మొదలుపెట్టింది. వ్యాఖ్యాతలంతా కలిసి వండుతూ, రుచి చూస్తూ, కబుర్లాడుతూ సాగిన ఆ కార్యక్రమం 2018 దాకా నడిచింది. సీరియల్ అభిమానులకు కోపం వచ్చిన మాట నిజమే. అయినా అన్నేళ్లు నిలబడటానికి ఆ బల్ల చుట్టూ కుదిరిన చనువే కారణమని నా అభిప్రాయం.

మరొక మాట. పచ్చిమాంసం కోసిన పలక మీదే కూరగాయలు తరగడం కొన్నిసార్లు కనిపిస్తోంది. ఇది ప్రమాదకరం, చూసేవాళ్లు అలాగే నేర్చుకుంటారు. చేతులు కడుక్కునే క్షణాన్ని ఎడిటింగ్‌లో తీసేయకండి. పాడైన వంటకాన్నీ చూపండి. ఉప్పు ఎక్కువైతే, అడుగంటితే ఏం చేయాలో అక్కడే చెప్పించండి.

– ఒక పాఠకురాలు