ల్యాబ్ రికార్డుల్లో ఈగ్రెప్ ఇంకా ఎందుకు?

సంపాదకులకు,

విశాఖలో యూనిక్స్, లినక్స్ నేర్పే చోట్ల ల్యాబ్ రికార్డులు తిరగేస్తే ఫైళ్లలో కావలసిన మాట ఉన్న లైన్లు వెతికే గ్రెప్, ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ మూడూ వేర్వేరు కమాండ్లుగానే కనిపిస్తాయి. పిల్లలు అలాగే బట్టీ పట్టి వైవాలో అప్పజెబుతారు. చివరి రెండింటికీ కాలం చెల్లింది. లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ గ్రెప్ వాటిని 2007లోనే వద్దంది. 2022 సెప్టెంబరులో వచ్చిన 3.8 వెర్షన్‌లో వాటిని నడిపిన ప్రతిసారీ హెచ్చరిక వేయడం మొదలుపెట్టింది. వాటి బదులు గ్రెప్‌కే క్యాపిటల్ ఇ (-E), క్యాపిటల్ ఎఫ్ (-F) ఆప్షన్లు ఇమ్మంటుంది.

ఒక్క లైనేగా అంటారు. ఆ లైను ఎర్రర్ల కోసం విడిగా ఉన్న దారి, స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్తుంది, చిక్కంతా అక్కడే. స్క్రీను ముందు మనిషి ఉంటే చూసి వదిలేస్తాడు. అర్ధరాత్రి క్రాన్ (చెప్పిన వేళకు పనులు చేసే ప్రోగ్రామ్) నడిపే స్క్రిప్టుకు ఆ తెలివి లేదు. లాగ్‌లో 'ఫెయిల్' లైన్లు లెక్కపెట్టడానికి ఈగ్రెప్ రాసి, ఎర్రర్లను కూడా అవుట్‌పుట్‌లో కలిపి, పైపు పెట్టి, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యుసి మైనస్ ఎల్‌కి ఇచ్చారనుకోండి. ఒక్క ఫెయిల్ లేని రోజు కూడా లెక్క 1 వస్తుంది. సున్నా వస్తేనే మొదలయ్యే బ్యాకప్ ఆ రాత్రికి లేనట్టే. ఎర్రర్లను కలపకపోతే క్రాన్ ఆ లైన్‌ను రోజూ మెయిల్ చేస్తుంది. వారం తిరిగేసరికి ఆ మెయిళ్లు ఎవరూ తెరవరు. చాలామంది దీనికి వేసే మందు ఎర్రర్లన్నీ, వేసిందల్లా మాయమయ్యే డెవ్ నల్‌లో పారబోయడం. పర్మిషన్ లేక ఫైలు తెరుచుకోలేదన్న కబురు కూడా దాంతోపాటే పోతుంది. అంతకంటే హెచ్చరికే నయం.

మార్చేటప్పుడు అక్షరం సైజు చూసుకోవాలి. క్యాపిటల్ ఇ బదులు చిన్న ఇ కొడితే గ్రెప్ కిక్కురుమనదు. చిన్న ఇకి 'తర్వాతది ప్యాటర్న్ (వెతకాల్సిన మాట)' అని మాత్రమే అర్థం. అప్పుడు 'ఎర్రర్' లేదా 'ఫెయిల్' అని చెప్పడానికి మధ్యలో పెట్టిన నిలువు గీతను కూడా మామూలు అక్షరంగానే వెతుకుతుంది. ఏమీ దొరకదు, 'దొరకలేదు' అని చెప్పే ఎగ్జిట్ కోడ్ 1 వస్తుంది, అంతా బాగుందనుకుంటాం. చిన్న ఎఫ్ కొడితే మాత్రం ప్యాటర్న్‌ను ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలు లేదని వెంటనే అరుస్తుంది. అందుకని ఎఫ్ తప్పు త్వరగా బయటపడుతుంది, ఇ తప్పు నెలలు దాక్కుంటుంది.

ముందు ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకాలి: ఈటీసీలోని క్రాన్ డైరెక్టరీలు, వార్ స్పూల్ క్రాన్, యూఎస్‌ఆర్ లోకల్ బిన్, యూజర్ల సొంత బిన్‌లు. వెంటనే మార్చలేని పాత స్క్రిప్టులుంటే ఈగ్రెప్ పేరుతోనే ఒక చిన్న షెల్ ఫైలు పెట్టుకోవచ్చు. అందులో ఎగ్జెక్‌తో గ్రెప్ క్యాపిటల్ ఇని పిలిచి, స్క్రిప్టుకు ఇచ్చిన మాటలన్నిటినీ అందించే డాలర్ ఎట్‌ను డబుల్ కోట్స్‌లో ఉంచాలి. కోట్స్ మరిచిపోతే ఖాళీ ఉన్న ప్యాటర్న్ రెండు ముక్కలై, రెండోది ఫైలు పేరైపోతుంది. దాన్ని యూఎస్‌ఆర్ లోకల్ బిన్‌లో పెట్టి ఊరుకుంటే సాధారణంగా యూజర్ క్రాన్‌కు కనపడదు. దాని పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) ఉండేవి యూఎస్‌ఆర్ బిన్, బిన్ మాత్రమే. క్రాన్ పనులు రాసుకునే క్రాన్‌ట్యాబ్ పైన పాత్ లైను రాసుకోవాలి.

లైన్లను వరుసలో పెట్టే సార్ట్ కమాండ్‌లో ప్లస్ 1 కథా ఇంతే. పాత పద్ధతిలో ఫీల్డుల (లైనులోని గడుల) లెక్క సున్నా నుంచి, కొత్త మైనస్ కెలో ఒకటి నుంచి. ప్లస్ 1 స్థానంలో మైనస్ కె 2 రావాలి. రెండో ఫీల్డు ఒక్కదాని మీదే సార్ట్ కావాలంటే 2 కామా 2. కామా లేకపోతే రెండో ఫీల్డు నుంచి లైను చివరిదాకా పోల్చేస్తుంది.

ఈ ప్రయోగం రాయించే మాస్టార్లకు ఒక్క మనవి. ఈగ్రెప్‌ను రికార్డు నుంచి పూర్తిగా చెరిపేయకండి, పాత సర్వర్లలో పిల్లలకు అది ఎదురవుతుంది. దాని పక్కనే గ్రెప్ క్యాపిటల్ ఇ రాయించి, అదే ప్యాటర్న్‌ను చిన్న ఇతో కూడా నడిపించి, ఖాళీ అవుట్‌పుట్ ఎందుకొచ్చిందో వైవాలో అడగండి.

ఇట్లు,
కొందరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు,
మధురవాడ, విశాఖపట్నం