గోగు విత్తనం గురించి నాలుగో అర్జీ

మంత్రి గారికి,

నమస్కారం. ఇది నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులే లేవు. మూడోది ఇచ్చిన రోజు కౌంటర్లో కుర్రాడు "గోగు అంటే పచ్చడి చేసుకునే గోంగూరేనా అండీ?" అని అడిగాడు. కాదు నాయనా, గోనెసంచి అయ్యే గోగు అని చెప్పి వచ్చాను. అతన్ని ఏమనగలను? మా పంట మీ కాగితాల్లోనే కనిపించడం మానేసింది.

రకాలు లేవా అంటే ఉన్నాయి. మన ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఏఎంవీ పేరుతో కళింగ అని, దుర్గ అని ఎన్నో ఇచ్చింది. మీటింగుకి వెళ్తే కరపత్రం చేతిలో పెడతారు. ఏ నేలకు ఏది మంచిది, ఎప్పుడు కోయాలి, అన్నీ అందులో ఉంటాయి. విత్తనం ఒక్కటే దొరకదు. అడిగితే "ఇండెంట్ పెట్టామండీ" అంటారు, అంటే ఇంత విత్తనం కావాలని పైకి రాశామని. ఆ ఇండెంట్ ఏ గెడ్డలో కొట్టుకుపోతుందో మీరే కనుక్కోవాలి.

పోయినేడు జూన్ వానకి సంతలో లేబుల్ లేని సంచి కొని రెండెకరాల్లో చల్లాను. మొలిచాక చూస్తే సగం ఎర్ర కాడ, సగం పచ్చ కాడ. కొన్ని ముందే పూశాయి, కొన్నిటికి మొగ్గే లేదు. సగం చెట్లు పూతకి రాగానే కోస్తేనే నార మెత్తగా, లాగితే తెగకుండా వస్తుందని మీ కరపత్రమే చెప్తుంది. నా చేలో ఏ సగాన్ని చూసి కొయ్యాలి? అన్నీ కలిపే కోసి చెరువులో ఊరేశాను. లేత కాడలు కుళ్లిపోయాయి, ముదురు కాడలకి బెరడు వదల్లేదు. నడుం లోతు నీళ్లలో నిలబడి నేనూ మా ఆవిడా ఒలిచిన నారని కొనేవాడు వేలితో ఇలా లాగి, తక్కువ గ్రేడులో పడేశాడు. 2025-26కి జనపనార మద్దతు ధర క్వింటాలుకి 5,650 రూపాయలని పేపర్లో చదివి, మా గోగు నారకీ మంచి ధరే వస్తుందని సంతోషించాం. గ్రేడు పడిపోయాక ఆ ధర పేపర్లోనే ఉండిపోయింది.

"సొంత విత్తనం కట్టుకోవచ్చు కదా" అని ఒక అధికారి సలహా ఇచ్చారు. అయ్యా, నారకి పూతలోనే కొయ్యాలి. గింజకైతే కాయలు ఎండేదాకా ఉంచాలి, ఈలోగా నార ముదిరి గరుకెక్కిపోతుంది. ఒకే చెట్టు నుంచి మంచి నారా, మంచి గింజా రెండూ రావు. రెండెకరాల వాణ్ణి, గింజకని వేరే మడి వదిలి నేనేం తినాలి? వదిలినా పక్క చేలో కలగాపులగం గోగే ఉంటే నా గింజ స్వచ్ఛంగా ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

ఇంకోటి, నవ్వుకోకండి. సంక్రాంతికి ముందు ధాన్యం అమ్ముకోడానికి పోతే "గోనెసంచుల్లేవు, ఆగండి" అన్నారు. గోగు రైతునే సంచి కోసం లైన్లో నిలబెట్టారు.

నేనడిగేది పెద్దదేం కాదు. ఏ రకమో రాసి, సీలు వేసిన విత్తనం మే నెలాఖరులోగా మా మండలానికి రావాలి. రాయితీ ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే డబ్బు పెట్టి కొనుక్కుంటాం. విత్తనం మాత్రం రావాలి. నాలుగో అర్జీకి కూడా రసీదే ఇస్తారా, ఇవ్వండి. దాంతోపాటు విత్తనం ఏ తారీఖుకి వస్తుందో కూడా దాని మీదే రాసి ఇమ్మని చెప్పండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా గోగు రైతు