మనసుకి తగిలింది గాయం కాదంట!

ఎడిటర్ గారికి,
మా గుంటూరు బ్రాడీపేటలో చాలా ఇళ్లల్లో పిల్లలు అమెరికాలోనే ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. మా అబ్బాయి అక్కడ ఆఫీసులో వేధింపుల మీద కేసేస్తే సెటిల్‌మెంట్ డబ్బులొచ్చాయి, నష్టపరిహారమే కదా దీనికి టాక్సేంటిలే అనుకున్నాం, తీరా చూస్తే కట్టాలన్నారు. అక్కడి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 104 ప్రకారం ఒంటికి తగిలిన గాయానికి, దానివల్ల వచ్చిన మనోవేదనకి ఇచ్చిన సొమ్ముకి టాక్స్ ఉండదంట, ఉట్టి మనోవేదనకైతే 1996లో చట్టం మార్చిన దగ్గర్నుంచి పడుద్దంట, దాని వైద్యానికి పెట్టిన ఖర్చు (అంతకుముందు డిడక్షన్‌లో, అంటే టాక్స్ లెక్కలో ఆదాయంలోంచి తీసేసే ఖర్చుగా, చూపించకపోతేనే) మేరకి మాత్రం వదిలేస్తారు. వాడు ఏడాది పాటు సరిగ్గా నిద్రపోలేదండీ! ఏ డబ్బు దేనికో సెటిల్‌మెంట్ కాగితంలో విడివిడిగా రాయించుకోమని సంతకానికి ముందే ఎవరన్నా చెప్పుంటే బాగుండేది. ఎన్నారైల పేజీలో వేయండి.

- ఓ తండ్రి, గుంటూరు