కాన్సులేట్ వరుసలో తన ఫైలు ఇచ్చిన అక్కకు

అక్కా, మీ పేరు అడిగే వీలు దొరకలేదు. అందుకే ఇలా నలుగురి ముందూ చెబుతున్నాను.

అమెరికాలో ఉన్న నా భర్త దగ్గరికి వెళ్లేందుకు ఆ రోజు వీసా ఇంటర్వ్యూ. కాన్సులేట్ బయట వరుసలో ఉండగా వాన అందుకుంది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఇంట్లోవాళ్లతో మాట్లాడే దారీ లేదు. పెళ్లి ధ్రువపత్రం, పోలీసు క్లియరెన్సు, నా పోషణకు హామీగా ఆయన సంతకం చేసిన ఐ-864 పత్రం, ఆన్‌లైన్ వీసా దరఖాస్తు డీఎస్-260 నిర్ధారణ పేజీ, అన్నీ ఒకే కాగితపు కవరులో ఉన్నాయి. దాని అడుగు తడిసి చిరిగింది.

మీరు ఒక్క మాటా అడగలేదు. మీ కాగితాలు తీసి చున్నీలో చుట్టి గుండెకు హత్తుకున్నారు, ఖాళీ అయిన ప్లాస్టిక్ ఫైలు నా చేతిలో పెట్టారు. మీరూ భర్త దగ్గరికి వెళ్లాల్సినవారే, మీ కాగితాలూ అంతే విలువైనవి! వద్దంటే వినలేదు. లోపల కూర్చున్నాక అసలు ప్రతులు ఒకవైపు, నకళ్లు ఒకవైపు మీరే సర్దిపెట్టారు. నా చేతులు వణుకుతుంటే "మీ ఆయనకు వంట వచ్చా?" అంటూ నన్ను మాటల్లో పెట్టారు. కిటికీ దగ్గర చెయ్యెత్తి ప్రమాణం చేశాక, మా పరిచయం గురించి అధికారి అడిగినప్పుడు నా గొంతు తడబడలేదంటే ఆ కబుర్ల చలవే.

వీసా వచ్చింది. బయటికి వచ్చి మీకోసం చాలాసేపు వెతికాను, కనబడలేదు. మీకూ వచ్చి ఉండాలని, మీరిద్దరూ ఒకచోట ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. మీకు వేల కృతజ్ఞతలు అక్కా.